మొగులుకు తూము ఉందా?

2022 జులై నడుమ కన్నెపల్లి దగ్గర విచిత్రం జరిగింది. కాళేశ్వరం ఎత్తిపోతల పథకం కింద గోదావరిని ఎత్తిపోయడానికి కట్టిన పంప్‌హౌస్‌లోకి గోదావరే వచ్చి కూర్చుంది. లోపల 17 మోటార్లు, ఒక్కొక్కటి 40 మెగావాట్లది. నదిని గట్టెక్కించాల్సిన మోటార్లు బురదనీళ్లలో మునిగిపోయాయి. జులై 16కు భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల వరదను చూసినవాళ్లు మాత్రమే అంతకు మించిన నీళ్లు చూశామని చెప్పుకోగలరు.

ఆ మర్నాడు భద్రాచలం వచ్చిన అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్ రావు ఒక అనుమానం బయటపెట్టారు. ఇతర దేశాల వాళ్లెవరో కావాలని మన దగ్గర క్లౌడ్ బరస్ట్‌లు చేయిస్తున్నారన్న మాట వినబడుతోందని, అది ఎంతవరకు నిజమో తెలియదని అన్నారు. ఇంతకుముందు లేహ్‌లో, ఉత్తరాఖండ్‌లో, ఇప్పుడు గోదావరి మీద అన్నట్టు సాగింది ఆ మాట. నవ్వినవాళ్లు నవ్వారు, నమ్మినవాళ్లు నమ్మారు. నాకు మాత్రం అందులో మంచి లెక్క కనబడింది. సరే, ఒకడి చేతిలో వాన కురిపించే వస్తువు ఉందనే అనుకుందాం. అది ఏం చేయగలగాలి? ఎంత బలం కావాలి? దాని కిటుకు ఎక్కడుండాలి?

చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి ధారావాహికలు చదివి పెరిగిన వాళ్లకు ఇది కష్టమైన ఊహేమీ కాదు. కాళేశ్వరం త్రివేణి సంగమం గట్టు మీద ఒక మాంత్రికుడు. చేతిలో దండం. ఇవతల మహదేవపూర్ అడవి, అవతల మహారాష్ట్ర సిరొంచ. వెనక గుళ్లో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు, యముడి పేర ఒకటి, శివుడి పేర ఒకటి. శివుడిదైన ముక్తేశ్వర లింగానికి ఉన్న రంధ్రాల్లో పోసిన నీళ్లు ఎటు పోతాయో కనబడదు, సంగమంలో కలుస్తాయని భక్తుల నమ్మకం. కథకు ఇంతకంటే మంచి రంగస్థలం ఏ రచయితకూ దొరకదు. దండం ఎత్తగానే మొగులు పట్టాలి, దించగానే వాన దంచాలి. రామాయణంలో ఋష్యశృంగుడైతే దండం కూడా ఎత్తలేదు. అంగదేశంలో అడుగుపెట్టాడు, వాన పడింది. మనిషే ఒక యంత్రం అన్నమాట.

ఇప్పుడు ఖర్చు చూద్దాం.

ఒక లీటరు నీటిని ఆవిరి చేయాలంటే దాదాపు 0.7 యూనిట్ల కరెంటుకు సమానమైన శక్తి కావాలి. బళ్లో చదువుకున్న గుప్తోష్ణం ఇదే. సముద్రం మీద ఆ ఖర్చు సూర్యుడు పెట్టుకుంటాడు. ఆవిరి మబ్బులో మళ్లీ నీరైనప్పుడు అంతా తిరిగి వేడిగా బయటపడుతుంది. ఉరుముల మబ్బును పది, పదిహేను కిలోమీటర్ల ఎత్తుకు తోసేది ఆ వేడే. కాళేశ్వరం ఎత్తిపోతలతో పోల్చి చూడండి. మేడిగడ్డ దగ్గర సముద్రమట్టానికి సుమారు 100 మీటర్ల ఎత్తులో ఉన్న నీటిని అంచెలంచెలుగా కొండపోచమ్మ సాగర్ దాకా, అంటే 618 మీటర్ల దాకా ఎక్కించాలన్నది పథకం. అంత ఎత్తుకు ఒక లీటరును లేపడానికి పట్టే శక్తి కంటే, అదే లీటరును ఆవిరి చేయడానికి పట్టేది దాదాపు 500 రెట్లు ఎక్కువ. మనం కరెంటు బిల్లు గురించి కొట్లాడుకునే ఎత్తిపోతల, సూర్యుడి ఎత్తిపోతల ముందు ఏ లెక్కకూ రాదు.

భూపాలపల్లి జిల్లా చెల్పూరులో కాకతీయ థర్మల్ కేంద్రం ఉంది. 500 మెగావాట్ల యూనిట్ ఒకటి, 600ది ఒకటి. రెండూ రోజంతా ఆగకుండా తిరిగితే 2.64 కోట్ల యూనిట్లు. ఒక్క చదరపు కిలోమీటరు నేల మీద 650 మిల్లీమీటర్ల వాన పడిందనుకోండి. ఆ అంకె గాలిలోంచి తీసింది కాదు, ఎక్కడిదో చివర్లో చెబుతాను. అంటే 65 కోట్ల లీటర్లు. ఆ నీరు ఆవిరిగా మోసుకొచ్చిన శక్తి 45 కోట్ల యూనిట్లు. చెల్పూరు కేంద్రం 17 రోజులు తిరగాలి. ఒక్క చదరపు కిలోమీటరుకు! ప్రాణహిత పరివాహక ప్రాంతం 1.09 లక్షల చదరపు కిలోమీటర్లు. దాని మీద సగటున 10 సెంటీమీటర్ల వాన పడితే, మన దేశం మొత్తం నాలుగేళ్ల పైచిలుకు ఉత్పత్తి చేసే కరెంటుకు సాటివచ్చే శక్తి అందులో దాగి ఉంటుంది.

కాబట్టి దండం వానను పుట్టించలేదు. ఏ దేశం దగ్గరా అంత కరెంటు లేదు, ఉన్నా దాన్ని మొగులు మీదికి పంపే తీగ లేదు.

అయితే కథ ఇక్కడ ఆగిపోదు. మా వైపు ఊళ్లలో నీరటి అని ఒకాయన ఉండేవాడు, కొన్ని ఊళ్లలో ఇప్పటికీ ఉన్నాడు. చెరువు తూము తీయడం, మూయడం, ఎవరి మడికి ఎంతసేపు నీళ్లు పారాలో చూడటం ఆయన పని. రామప్ప చెరువో, లక్నవరమో, పాకాలో తీసుకోండి, కాకతీయుల కాలపు కట్టలు. వానకాలమంతా కష్టపడి నిండిన చెరువును నీరటి ఒక్క చేత్తో కదిలిస్తాడు. తూము దగ్గర ఆయన పెట్టే బలం ఒక బిందె మోసేంత. దిగువకు పరిగెత్తే నీటి బలం ఆయనది కాదు. అది చెరువుది.

మంత్రదండం పనిచేస్తే నీరటి చెయ్యిలా పనిచేయాలి. మొగులుకు తూము ఎక్కడుందో తెలియాలి. అలాంటి తూము ఒకటి నిజంగానే ఉంది, చాలా చిన్నది.

మబ్బు నిండా నీళ్లున్నా వాన ఎందుకు పడదు? మబ్బులో నీటి తుంపర అడ్డకొలత దాదాపు 0.02 మిల్లీమీటరు. అది సెకనుకు ఒకటి రెండు సెంటీమీటర్లు మాత్రమే దిగుతుంది, కింద నుంచి వచ్చే గాలి దాన్ని తేలిగ్గా పైనే ఆపుతుంది. మన నెత్తిన టప్పున పడే చినుకు 2 మిల్లీమీటర్లు. అడ్డకొలత నూరు రెట్లే, కానీ ఒక్క చినుకు కావాలంటే పది లక్షల తుంపరలు ఒక్కటి కావాలి. ఇవి అంత సులువుగా కలవవు. చాలా మబ్బులు ఆ పెళ్లి కుదరకుండానే విడిపోతాయి. సాయంత్రం దాకా ఊరించి విరిగిపోయే మొగులు ఇదే.

ఇంకో వింత కూడా ఉంది. సున్నా డిగ్రీల కంటే చల్లబడినా ఆ తుంపరలు గడ్డకట్టవు. మైనస్ పది, మైనస్ పదిహేను దాకా కూడా నీళ్లుగానే ఉంటాయి. గడ్డకట్టడానికి ఒక ఆసరా కావాలి, ఎవరో ఒకరు ముందు వరసలో నిలబడి చూపించినట్టు. ఒక్క మంచు పలుకు పుట్టిందా, చుట్టూ ఉన్న ఆవిరినంతా అది లాక్కుంటుంది. పక్కనున్న తుంపరలు ఎండిపోతాయి, పలుకు బరువెక్కి దిగుతుంది, దారిలో కరిగి చినుకవుతుంది.

ఈ తూము తాళం 1946 జులైలో అమెరికాలోని షెనెక్టడీలో దొరికింది. జనరల్ ఎలక్ట్రిక్ ప్రయోగశాలలో విన్సెంట్ షేఫర్ అనే ఆయన, హైస్కూలు చదువు కూడా పూర్తి చేయని మనిషి, ఒక డీప్ ఫ్రీజర్ లోపల నల్ల మఖమలు గుడ్డ పరిచి, అందులోకి తన ఊపిరే ఊది చిన్న మబ్బు తయారుచేసేవాడు. ఎన్ని పొడులు చల్లినా మంచు పలుకులు రాలేదు. ఒక ఎండ రోజు ఫ్రీజర్ సరిగా చల్లబడలేదని, చల్లబరచడానికి డ్రై ఐస్ ముక్క లోపల పెట్టాడు. మబ్బంతా ఒక్కసారి మంచు పలుకులై మెరిసింది. వెతికిన దారిలో దొరకనిది, ఫ్రీజర్ బాగుచేయబోతే దొరికింది. ఆ నవంబరులో విమానమెక్కి నిజం మబ్బు మీద చల్లాడు, మంచు రాలింది. అదే నెలలో ఆయన సహోద్యోగి బెర్నార్డ్ వానెగట్ ఇంకా తేలికైన తాళం పట్టుకున్నాడు. అది సిల్వర్ అయొడైడ్. దాని స్ఫటికాల అమరిక మంచు అమరికకు దగ్గరగా ఉంటుంది కాబట్టి నీరు దాన్ని చూసి మంచే అనుకుని దాని మీద పేరుకుంటుంది. ఈ బెర్నార్డ్ తమ్ముడే నవలాకారుడు కర్ట్ వానెగట్. ఒక్క పలుకు తగిలితే ప్రపంచంలోని నీళ్లన్నీ గడ్డకట్టిపోయే ఐస్-నైన్ అనే పదార్థాన్ని ఆయన 1963 నాటి నవల ‘క్యాట్స్ క్రేడిల్’లో కల్పించాడు. అన్న ప్రయోగశాల, తమ్ముడి మంత్రదండం. ఒకే ఇంట్లో రెండూ పుట్టాయి.

మన వానకాలపు మబ్బుల్లో ఇంకో తాళం కూడా కావాలి. ఇక్కడ సున్నా డిగ్రీల గీత ఐదు కిలోమీటర్ల పైన ఉంటుంది, చాలా మబ్బులు అంతదాకా పోవు. వాటికి ఉప్పు జాతి పొడులు, కాల్షియం క్లోరైడ్ లాంటివి, కింది అంచు దగ్గర వదులుతారు. ముసురు పట్టిన రోజుల్లో వంటింట్లో ఉప్పు డబ్బా తెరిచి చూడండి, ఉప్పు చెమ్మగిల్లి ముద్ద కట్టి ఉంటుంది. మబ్బులోనూ అంతే. ఉప్పు పలుకు నీళ్లను పీల్చుకుని పెద్ద తుంపరగా మారి, చిన్నవాటిని గుద్దుతూ, కలుపుకుంటూ దిగుతుంది.

2000ల నడుమ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కరువు జిల్లాల మీద విమానాలు తిప్పింది ఈ తాళాలతోనే. పేపర్లు దానికి మేఘమథనం అని మంచి పేరు పెట్టాయి, పాలసముద్రం గుర్తొచ్చేలా. పేరులో ఉన్నంత అమృతం రాలేదు. చిక్కు విమానంలో లేదు, చెరువులో ఉంది. కరువంటేనే మబ్బు లేకపోవడం. ఎండిన చెరువుకు నీరటి తూము తీసి ఏం లాభం? మబ్బులు పుష్కలంగా ఉన్న రోజున ఎవరికీ విమానం అవసరం లేదు. ఈ రెంటికీ నడుమ, కురవాలా వద్దా అని తటపటాయించే మబ్బులున్న కొద్ది రోజులే దండం పనికొచ్చే రోజులు. ఆ కొద్ది రోజుల్లో ఎంత పని చేస్తుందో పుణేలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ షోలాపూర్ మీద ఓపికగా కొలిచింది. 276 మబ్బులను తీసుకుని, చీటీలు వేసినట్టు కొన్నిటి మీద పొడి చల్లారు, కొన్నిటిని వదిలేశారు. సుమారు 100 చదరపు కిలోమీటర్ల మేర వాన 18 శాతం దాకా పెరిగిందని తేల్చారు. తక్కువేం కాదు. పది సెంటీమీటర్లు పడేచోట పన్నెండు పడితే రైతుకు అదొక తడి. కానీ సున్నాకు 18 శాతం కలిపితే సున్నాయే.

ఆ చీటీల సంగతే అసలు విషయం.

చిన్నప్పుడు మా వీధిలోకి కప్పతల్లి వచ్చేది. రోకలికి వేపమండలు చుట్టి, నడుమ గుడ్డలో కప్పను కట్టి, రెండు కొసలూ ఇద్దరు పిల్లలు భుజాన వేసుకుని ఇంటింటికీ తిరిగేవాళ్లు. అమ్మలు బిందెతో కప్ప మీద నీళ్లు పోసేవాళ్లు. ఒకసారి నేనూ పోశాను. మూడో రోజు వాన పడింది. ఇప్పటికీ అది నా వల్లే పడిందని నాలో ఒక మూల నమ్ముతుంది. ఆరుద్ర కార్తె వచ్చినా చినుకు లేకపోతేనే కప్పతల్లి బయల్దేరేది. అంటే వాన ఇక రాక తప్పని రోజులకు దగ్గరగా. విరాటపర్వం చదివించినా, శివుడికి వేయి బిందెల అభిషేకం చేసినా ముహూర్తం అదే. వాన పడితే పూజ ఫలం, పడకపోతే ఇంకో వారం. విమానంతో పొడి చల్లినా, చల్లకుండా వదిలేసిన మబ్బు ఎంత కురిసిందో పోల్చి చూడకపోతే, అది రెక్కలు కట్టిన కప్పతల్లే.

ఈ చిక్కు 1916లో కోర్టుకే ఎక్కింది. కాలిఫోర్నియాలోని శాన్‌డియాగో నగరం, కరువుతో విసిగి, చార్లెస్ హ్యాట్‌ఫీల్డ్ అనే వాన వ్యాపారిని పిలిచింది. మొరేనా జలాశయం నింపితే 10 వేల డాలర్లు ఇస్తామన్నది ఒప్పందం. ఆయన చెక్క మంచెలు కట్టి, పైన పళ్లేల్లో రహస్య రసాయనాలు ఆవిరి చేశాడు. ఆ జనవరిలో వాన మొదలై ఆగలేదు. వంతెనలు పోయాయి, లోయర్ ఓటే డ్యామ్ తెగింది, మనుషులు చనిపోయారు. హ్యాట్‌ఫీల్డ్ డబ్బు కోసం వస్తే నగరం వాళ్లు, వాన నీదైతే నష్టపరిహారం కూడా నీదే, ఒప్పుకుంటే డబ్బిస్తామన్నారు. చివరికి అది దైవికమని తేలింది, ఆయనకు పైసా రాలేదు. కాళేశ్వరం మాంత్రికుడి కథ రాసేవాళ్లు ఈ ఘట్టం వదులుకోకూడదు. వాన పడగానే ఊరంతా దండాలు పెడతారు, కట్ట తెగగానే అదే ఊరు రుజువులు అడుగుతుంది.

మళ్లీ 2022 దగ్గరకు వద్దాం. క్లౌడ్ బరస్ట్‌కు వాతావరణ శాఖ పెట్టుకున్న కొలత ఉంది. ఇరవై ముప్పై చదరపు కిలోమీటర్ల చోట గంటలో 10 సెంటీమీటర్లు పడాలి. అది కొండవాగును ముంచుతుంది, గోదావరిని కదిలించలేదు. గోదావరి పరివాహక ప్రాంతం 3.12 లక్షల చదరపు కిలోమీటర్లు. ఆ వారం జరిగింది వేరు. బంగాళాఖాతం వైపు అల్పపీడనం, బలంగా ఉన్న రుతుపవన ద్రోణి, అరేబియా సముద్రం వైపు నుంచి కూడా తేమ, ఇవన్నీ కలిసి రోజుల తరబడి తెలంగాణ, విదర్భల మీద వాన కురిపించాయి. కాళేశ్వరం దగ్గర ఇంకో మెలిక. గోదావరి ప్రధాన పాయ మీద శ్రీరాంసాగర్ లాంటి ప్రాజెక్టులు ఉన్నాయి, కొంతైనా ఆపుకుంటాయి. ప్రాణహిత అలా కాదు. మధ్యప్రదేశ్ సివనీ జిల్లాలో పుట్టిన వైన్‌గంగ, నాగపూర్ వైపు నుంచి వచ్చే వార్ధా, పెన్‌గంగ, అన్నీ కలుపుకుని నేరుగా సంగమంలో దూకుతుంది. కాళేశ్వరంలో ఆకాశం తేటగా ఉన్న రోజున కూడా వరద రావచ్చు. వాన ఎక్కడో రెండు రోజుల కింద పడి ఉంటుంది.

కుట్ర చేసేవాడు నాలుగు రాష్ట్రాల మొగులును వారం రోజులు పట్టి ఉంచాలన్నమాట. పోనీ, బలం వద్దు, చిన్న తోపుతో అల్పపీడనాన్నే దారి తప్పించవచ్చు కదా అని తెలివైన మాంత్రికుడు అడగొచ్చు. మంచి ప్రశ్నే. 1961లో ఎడ్వర్డ్ లోరెంజ్ తన కంప్యూటర్‌లో 0.506127 అనే అంకెకు బదులు 0.506 అని కొట్టి కాఫీకి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి లెక్కలోని వాతావరణం పూర్తిగా వేరే దారి పట్టింది. వాతావరణం చిన్న తోపుకు లొంగుతుంది, నిజమే. ఎటు లొంగుతుందో తోసినవాడికి తెలియదు, అదీ చిక్కు. గోదావరిని ముంచబోయిన వాడు కృష్ణను ముంచొచ్చు, లేదా తన ఊరినే ఎండగట్టుకోవచ్చు.

మబ్బులను ఆయుధంగా వాడిన చరిత్ర ఉంది, కాదనను. 1967 నుంచి 1972 దాకా అమెరికా సైన్యం వియత్నాం యుద్ధంలో హో చి మిన్ దారి మీద మబ్బులకు పొడి చల్లింది, శత్రువుల లారీలు బురదలో దిగబడాలని. అది బయటపడి గొడవయ్యాక, వాతావరణాన్ని యుద్ధానికి వాడకూడదని 1977లో అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. అక్కడ కూడా చేసింది ఉన్న రుతుపవనాలను కాస్త సాగదీయాలని చూడటమే.

ఇందాక బాకీ పడ్డ 650 మిల్లీమీటర్ల సంగతి. 2023 జులై 27 ఉదయం వరకు 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్లు పడింది, తెలంగాణలో అదే రికార్డు. భూపాలపల్లి జిల్లా చిట్యాలలో 616.5. ఆ తెల్లారే మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచింది. జనం ఇళ్ల కప్పులెక్కి ఉంటే హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది.

ఆ అంకె చెప్పింది ఒక చిన్న వస్తువు. వానను కొలిచే వస్తువు గోదావరి తీరానికి కొత్తదేమీ కాదు. ధాన్యపు కొట్టు దగ్గర మూర వెడల్పు మూతి ఉన్న పాత్ర పెట్టి వాన కొలవమని అర్థశాస్త్రంలో ఉంది. ఏ దేశంలో ఎంత కురుస్తుందో ద్రోణాలనే కొలతల్లో లెక్క కూడా ఉంది. అందులో అశ్మక దేశానికి పదమూడున్నర. అశ్మకం అంటే మన గోదావరి సీమే, బోధన్ దాని రాజధాని అని చరిత్రకారులు అంటారు. ఇప్పటి పాత్రలో పైన గరాటు, కింద పిల్లల తూగుడు బల్లలా రెండు చిన్న దొప్పలు. ఒక దొప్ప నిండగానే ఒరిగి నీళ్లు పారబోస్తుంది, రెండోది గరాటు కిందికి వస్తుంది. ఒరిగినప్పుడల్లా టిక్కుమని ఒక లెక్క పడుతుంది. పావు మిల్లీమీటరుకు ఒక ఒరుగు అనుకుంటే, ఆ ఒక్క రోజులో లక్ష్మీదేవిపేట దొప్పలు దాదాపు 2600 సార్లు అటూ ఇటూ ఒరిగి ఉంటాయి. ఊళ్లో ఎవరికీ వినబడి ఉండదు, రేకుల మీద వాన చప్పుడు అంత.